ఆగమంటే ఎలా ఆగాలి?

(రేడియో మహిళా కార్యక్రమంలో చదివిన ప్రసంగం)

పొయ్యి మీద బాణలిలో పోపు వేగుతోంది. ఆవాలు చిటపటమంటున్నాయి. సరిగ్గా అప్పుడే వీధి తలుపు టకటకమంది. మీరేం చేస్తారు? మాడితే మాడిందిలే అని గరిటె పారేసి పరుగెత్తరు. అలాగని చెవులు వినబడనట్టు వూరుకోరు. "ఆఁ, వస్తున్నా!" అని అక్కణ్ణించే ఓ కేక వేస్తారు. పోపు పప్పులో కలిపి, మూతపెట్టి, స్టవ్వు ఆర్పి, చెంగుకి చేతులు తుడుచుకుంటూ వెళ్లి తలుపు తీస్తారు. ఇదేమంత గొప్ప విద్య అనిపిస్తుంది మనకి. రోజుకి పాతికసార్లు చేసే పనే కదా!

కానీ సోదరీమణులారా, ఈ పాటి మర్యాద ఒక కంప్యూటర్ ప్రోగ్రాంకి నేర్పాలంటే చాలా ఆలోచించాలట. నేర్పకుండా వదిలేస్తే ఏమవుతుందో నాకు అనుభవమే. మా వీధి ఆడవాళ్లు దాచుకున్న డబ్బు లెక్క కొంత ఓ సాయంత్రం నా చేతుల మీదుగానే మాయమైపోయింది. ఆ కథా, దాని వెనకనున్న సంగతీ ఇవాళ మీతో చెప్పుకోవాలని వచ్చాను.

"కంప్యూటర్ సంగతులు నీకేం తెలుసమ్మా?" అంటారేమో. నిజమే. నేను పదో తరగతి దాటి చదవలేదు. మా పెద్దవాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. వాణ్ణి మూడు ఆదివారాలు కదలకుండా కూర్చోబెట్టి చెప్పించుకున్నాను. వాడు విసుక్కున్నా వదల్లేదు. నాకు అర్థమైంది కాబట్టి మీకూ అర్థమవుతుందని నా ధైర్యం.

మా వీధిలో 22 మందిమి కలిసి నెలకి 500 రూపాయల చొప్పున పొదుపు చేసుకుంటున్నాం. పదో తారీకు సాయంత్రం అందరూ మా ఇంటి వసారాలో చేరతారు. లెక్క రాయడం నా వంతు. గీతల పుస్తకంలో రాసుకుంటుంటే మావాడు చూసి, "ఇంకా ఈ పుస్తకమేమిటమ్మా, నేను ప్రోగ్రాం రాసిస్తాను" అన్నాడు. రాసిచ్చాడు కూడా. నల్లటి తెర మీద ఒక్కొక్కరి పేరే వస్తుంది. ఆ నెల ఎంత కట్టిందో అంకె కొట్టి ఎంటర్ నొక్కితే, ఆవిడ పాత మొత్తానికి అది కలిపి ఫైల్లో రాసుకుంటుంది. జనవరిలో మొదలుపెట్టాం. జనవరి, ఫిబ్రవరి, మార్చి బ్రహ్మాండంగా నడిచింది. డిసెంబరు దాకా వున్న పుస్తకాన్ని అటక మీద పెట్టేశాను.

ఏప్రిల్ పదో తారీకున 13 మంది అయ్యారు. పద్నాలుగో ఆవిడ పేరు తెర మీద వుంది. ఆవిడ ఆ రోజు రాలేదు. ఫోనులో మెసేజి పెడదామని ఆ పేరున్న వరసని ఎత్తి రాసుకోవాలనుకున్నాను. నా ప్రసంగాలు కంప్యూటర్లోనే కొట్టుకుంటాను కాబట్టి ఒక వాక్యాన్ని నకలు తీయాలంటే కంట్రోల్ మీట పట్టుకుని 'సీ' నొక్కాలని నాకు తెలుసు. అదే నొక్కాను.

తెర మీద ఏవో నాలుగు ఇంగ్లీషు వరసలు గబగబా పడ్డాయి. చివర 'కీబోర్డ్ ఇంటరప్ట్' అని వుంది. అంతే, ప్రోగ్రాం ఆగిపోయింది. సరే, మళ్లీ మొదలుపెడదామని చూస్తే 13 మంది పేర్లే వున్నాయి. మిగతా 9 మందీ లేరు. వాళ్ల మూడు నెలల లెక్కా లేదు. వసారాలో కూర్చున్నవాళ్లు నా మొహం చూసి మాటలు ఆపేశారు. ఇంకొకరి డబ్బు లెక్క మన చేతిలో తారుమారైతే కడుపులో ఎలా వుంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అసలేం జరిగిందో చెప్తాను. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా చదవండి.

కంప్యూటర్‌కి అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. అందుకని ప్రతి అక్షరానికీ ఓ అంకె చొప్పున ఆస్కీ అనే పట్టిక ఒకటి 1963లో అమెరికాలో తయారుచేశారు. ఆ పట్టికలో పెద్ద 'ఏ'కి 65, 'బీ'కి 66, 'సీ'కి 67. కంట్రోల్ మీట పట్టుకుని 'సీ' నొక్కితే 67లోంచి 64 తీసేసినట్టు లెక్క. మిగిలేది 3. పట్టికలో 3కి అర్థం ఏమిటంటే, రాత ముగిసింది అని.

మనం మామూలు అక్షరాలు కొడితే అవి నేరుగా ప్రోగ్రాంకి చేరతాయి. ఈ 3 మాత్రం అలా చేరదు. నల్ల తెరని కనిపెట్టుకుని కంప్యూటర్ వ్యవస్థలో ఒక భాగం కాపలా వుంటుంది. మన అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిదనుకోండి. మామూలు వుత్తరాలని అతను డబ్బాలో పడేస్తాడు, వాటిని మనం తీరికగా తీసుకుంటాం. కానీ "మీ వాళ్లకి బాగాలేదట, వెంటనే రమ్మన్నారు" అన్న కబురొస్తే డబ్బాలో వేసి వూరుకోడు. పరుగెత్తుకొచ్చి తలుపు కొడతాడు. ఆ 3 కనబడగానే ఈ కాపలా భాగం కూడా అంతే. దాన్ని అక్షరంగా లోపలికి పంపదు. ఆ తెర మీద అప్పుడు నడుస్తున్న ప్రోగ్రాంకి ఒక సిగ్నల్ పంపుతుంది. ఆ సిగ్నల్ పేరు 'సిగింట్', దాని నంబరు 2. ప్రోగ్రాం ఏ పనిలో వున్నా సరే, ఆ కబురు వచ్చి పడుతుంది.

ఇది ఇవాళ్టి ఏర్పాటు కాదు. అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనాలయంలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనే ఇద్దరు 1969లో యూనిక్స్ అనే వ్యవస్థకి శ్రీకారం చుట్టారు. ఆ రోజుల్లో ఒకే కంప్యూటర్‌కి టైపు మిషన్లలాంటి యంత్రాలు చాలా తగిలించి, ఎంతోమంది ఒకేసారి వాడుకునేవారు. ఎవరి ప్రోగ్రామైనా దారి తప్పి గిరగిరా తిరుగుతూ కూర్చుంటే దాన్ని ఆపడానికి ఓ మీట కావాలి కదా! మొదట్లో యూనిక్స్‌లో చెరిపే మీటే ఆ పని చేసేది. కంట్రోల్ సీ అలవాటు డెక్ అనే కంపెనీ కంప్యూటర్లలోది. తరవాత యూనిక్స్‌లోకీ వచ్చింది. మా ఇంట్లో లాప్‌టాప్‌లో వున్న లినక్స్ ఆ యూనిక్స్ పద్ధతిలో తయారైనదే. అందుకే అందులో ఇప్పటికీ అదే ఆనవాయితీ.

మరి నకలు తీయడానికీ అదే మీటలేమిటని మీకు సందేహం రావాలి. నాకూ వచ్చింది. బొమ్మలూ, బొత్తాలూ వుండే విండోల్లో కంట్రోల్ సీ అంటే నకలు. నల్ల తెర మీద కంట్రోల్ సీ అంటే ఆపు. ఒకే మాట ఓ ఇంట్లో ఒక అర్థం, పక్కింట్లో ఇంకో అర్థం అయితే ఎలా వుంటుందో అలా వుంది వ్యవహారం. చాలా లినక్స్ తెరల మీద నకలు కావాలంటే కంట్రోల్‌తో పాటు షిఫ్ట్ కూడా పట్టుకుని సీ నొక్కాలి. ఈ ఒక్క ముక్క ముందే తెలిసి వుంటే నాకా అవస్థ తప్పేది.

అయితే సోదరీమణులారా, తప్పంతా నా వేలిదేనంటే నేనొప్పుకోను. నేనెరక్క ఆపమన్నాను, నిజమే. ఆగమన్నంత మాత్రాన 9 మంది లెక్క ఎందుకు పోవాలి? అసలు కిటుకు అక్కడే వుంది.

మావాడి ప్రోగ్రాం ఏం చేసేదంటే, మొదలవగానే పాత లెక్కంతా చదివి మనసులో పెట్టుకునేది. అంటే కంప్యూటర్ జ్ఞాపకంలో అన్నమాట. తరవాత అదే ఫైలుని రాయడానికి తెరిచేది. అలా తెరవడమంటే పలక తుడిచెయ్యడమే. పాత రాత అంతా ఆ క్షణానే పోతుంది. ఆ ఖాళీ పలక మీద ఒక్కొక్కరి అంకె నేను చెప్తుంటే ఒక్కో వరసే కొత్తగా రాసుకొచ్చేది. 22 మందీ పూర్తయితే ఏ గొడవా లేదు. మూడు నెలలూ అలాగే పూర్తయింది కాబట్టి బయటపడలేదు. ఏప్రిల్లో పదమూడో వరస తరవాత ఆగమన్న కబురొచ్చింది. వస్తే ఏం చేయాలో ప్రోగ్రాంలో ఎక్కడా రాసి లేదు. అలా ఏమీ రాయకపోతే సిగ్నల్ నంబరు 2కి వ్యవస్థ పెట్టిన నియమం ఒక్కటే: అక్కడికక్కడ ఆగిపోవడం. పలక మీద 13 వరసలు మిగిలాయి. మనసులో వున్న 9 పేర్లూ ప్రోగ్రాంతో పాటే పోయాయి.

ఆ రాత్రి అటక మీంచి పుస్తకం దించాను. డిసెంబరు దాకా భద్రంగా వుంది. పోయింది ఆ 9 మంది మూడు నెలల జమ. 8 మంది ఫోను ద్వారా కట్టేవాళ్లు కాబట్టి వాళ్ల మెసేజీలు చూసి రాసేశాం. తొమ్మిదో ఆవిడ నాలుగిళ్లలో అంట్లు తోమి, ఇళ్లు తుడిచి బతికే మనిషి. చదువు రాదు. నోట్లే తెచ్చి చేతిలో పెడుతుంది. నేనేమో ప్రోగ్రాం వచ్చాక చీటీ రాసివ్వడం మానేశాను. మర్నాడు ఆవిడ ఎదురుగా కూర్చుని సంగతి చెప్పాను. మూడు నెలలకి 1500 అని రాసేద్దామనే మనసులో అనుకున్నాను. ఆవిడ కాసేపు వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "మార్చిలో పిల్లోడికి జొరమొచ్చి రెండొందలే ఇచ్చానమ్మగారూ. పన్నెండొందలు రాయండి" అంది.

నాకు కళ్లు తిరిగినంత పనైంది. ఆవిడ 300 తక్కువిచ్చిన సంగతి నాకు గుర్తు లేదు, కంప్యూటర్‌కీ గుర్తు లేదు. ఆవిడకే గుర్తుంది. ఆవిడ 1500 అన్నా నేను మారు మాట్లాడేదాన్ని కాదు. ఆ రోజే నిశ్చయించుకున్నాను, ఈ ప్రోగ్రాం సంగతి నేనే తేల్చుకోవాలని.

ఆదివారం మావాడు వచ్చాడు. "ఇంతే కదమ్మా" అని ఐదు నిమిషాల్లో ఏదో దిద్ది వెళ్లిపోయాడు. మే నెల పదో తారీకు వచ్చింది. మనకి పద్దు రాసేటప్పుడు అంకె పక్కన గీతా, అడ్డుగీతా పెట్టడం అలవాటు కదా! నేను '500/-' అని కొట్టాను. ప్రోగ్రాం మళ్లీ "ఎంత?" అంది. మళ్లీ కొట్టాను. మళ్లీ "ఎంత?" అంది. తప్పేమిటో చెప్పదు. కంట్రోల్ సీ నొక్కాను. ఆగలేదు, మళ్లీ "ఎంత?" అంది. పదిసార్లు నొక్కాను. పదిసార్లూ అదే ప్రశ్న! మావాడికి ఫోను చేస్తే, వాడు చెప్పినట్టు ఇంకో తెర తెరిచి, దానికి తొమ్మిదో నంబరు సిగ్నల్ పంపితే గాని వదల్లేదు. ఈసారి ముందుగానే ఫైలు నకలు తీసి పెట్టుకున్నాను కాబట్టి బతికిపోయాం.

ఏం చేశాడయ్యా అంటే, చెవుల్లో దూది పెట్టేశాడు. ఈ ప్రోగ్రాం పైథాన్ అనే భాషలో వుంది. గైడో వాన్ రాసమ్ అనే డచ్ దేశస్థుడు తయారుచేసి 1991లో బయటపెట్టిన భాష అది. అందులో సిగ్నల్ నంబరు 2 వస్తే దాన్ని 'కీబోర్డ్ ఇంటరప్ట్' అనే ఒక ఆటంకంగా మార్చి ప్రోగ్రాం ముందు పడేస్తుంది. ఆటంకం వచ్చే చోట్లని 'ట్రై' అనే మాట కింద పెట్టి, వస్తే ఏం చేయాలో 'ఎక్సెప్ట్' అనే మాట కింద రాసుకోవాలి. మావాడు ఏ ఆటంకమో పేరు చెప్పకుండా వట్టి 'ఎక్సెప్ట్' పెట్టి, దాని కింద 'ఏమీ చేయకు' అని రాశాడు. దాంతో నా అడ్డుగీత తప్పూ మింగేసింది, ఆగమన్న నా కేకా మింగేసింది. చాలామంది ఇలాగే చేస్తున్నారని ఆ భాషవాళ్లే గమనించి, 2006లో వచ్చిన 2.5 రకం నుంచి కీబోర్డ్ ఇంటరప్ట్‌ని మామూలు తప్పుల కుటుంబంలోంచి విడదీసి వేరే పెట్టారు. మామూలు తప్పులని పట్టుకోమంటే ఇది అందులో పడదు. కానీ పేరే చెప్పకుండా అన్నీ పట్టుకోమంటే ఇదీ పడుతుంది. తప్పుల్ని పేరు పెట్టి పట్టుకోవాలని అందుకే అంటారట.

ఇంతకీ ఆ తొమ్మిదో నంబరు సంగతి. సిగ్నళ్లు చాలా రకాలున్నాయి. కంట్రోల్ సీ వల్ల వచ్చే 2 ఒక మనవి. ప్రోగ్రాం దాన్ని వినవచ్చు, తనకి తోచినట్టు చేయవచ్చు, విననట్టు వూరుకోవచ్చు కూడా. ఇంకో ప్రోగ్రాం వచ్చి మర్యాదగా "ఇక చాలించు" అని చెప్పేది 15. అదీ మనవే. 9 మాత్రం మనవి కాదు. అది వచ్చిందని ప్రోగ్రాంకి తెలియను కూడా తెలియదు. సర్దుకోవడానికి ఒక్క క్షణం వుండదు. వ్యవస్థే దాన్ని తీసేస్తుంది. అందుకని ముందు 2, వినకపోతే 15, గత్యంతరం లేనప్పుడే 9. మీ పిల్లలెవరైనా ముందే తొమ్మిదో నంబరు ప్రయోగిస్తుంటే కాస్త ఆగమనండి.

మూడో ఆదివారం తలుపేసి కూర్చున్నాం, నేనూ మావాడూ. నేను అడిగింది మూడే మాటలు. ఆగమంటే ఆగాలి. ఆగేముందు చేతిలో వున్నది భద్రంగా కింద పెట్టాలి. ఏం చేసి ఆగిందో నాకు చెప్పాలి. వాడు తల గోక్కుని, ఈసారి నిజంగా ఆలోచించాడు.

మొదటి దిద్దుబాటు ఫైలుకి. పాత పలక తుడవడం మానేశాడు. కొత్త లెక్కంతా పక్కన ఇంకో ఫైల్లో పూర్తిగా రాస్తుంది. అది డిస్కు మీదికి నిజంగా చేరిందని తేల్చుకున్నాక, దాని పేరు మార్చి పాతదాని స్థానంలో పెడుతుంది. అలా పేరు మార్చడం ఒక్క దెబ్బలో అయిపోయే పనట. చూస్తే పాతదన్నా వుంటుంది, కొత్తదన్నా వుంటుంది. సగం రాసింది ఎప్పుడూ వుండదు. కొత్త చీర కట్టుకోవడానికి సిద్ధంగా మడత విప్పి పెట్టుకోకుండా ఒంటి మీద చీర విప్పేస్తామా? ఇదీ అంతే! దీనివల్ల ఇంకో లాభం కూడా వుంది. కరెంటు పోతే ఏ సిగ్నలూ రాదు, చెప్పాపెట్టకుండా అంతా ఆరిపోతుంది. అప్పుడు కూడా పాత లెక్క మిగులుతుంది.

రెండోది, ప్రోగ్రాం వూరికే నా జవాబు కోసం ఎదురుచూస్తూ వున్నప్పటి సంగతి. అప్పుడు దాని చేతిలో పనేమీ లేదు. ఆ చోట కీబోర్డ్ ఇంటరప్ట్‌ని పేరు పెట్టి పట్టుకున్నాడు. నేను కంట్రోల్ సీ నొక్కితే, "ఆపమంటారా? ఇప్పటిదాకా చెప్పిన 13 మందివీ దాచనా?" అని అడుగుతుంది. అవునంటే 13 మంది కొత్త అంకెలూ, 9 మంది పాత అంకెలూ కలిపి 22 వరసలూ రాసి ఆగుతుంది. వద్దంటే పాత ఫైలు ముట్టుకోకుండా ఆగుతుంది. ఎలా ఆగినా, పక్కన సగంలో వున్న ఫైలు ఏదైనా వుంటే తీసి పారేసే పని 'ఫైనల్లీ' అనే మాట కింద రాశాడు. ట్రై కింద పని సవ్యంగా జరిగినా, మధ్యలో ఆటంకం వచ్చినా, పోయేముందు ఫైనల్లీ కింద వున్నది చేసి తీరాలని నియమం. రాత్రి వంటిల్లు సర్దడం లాంటిది. ఆ రోజు పండగైనా, నలతైనా గట్టు తుడవకుండా పడుకోం కదా!

మూడోది కాస్త సున్నితమైనది. ప్రోగ్రాంలో రెండు లెక్కలున్నాయి. ఆవిడ పేరు మీద 500 పెరగాలి, సంఘం మొత్తంలోనూ 500 పెరగాలి. ఈ రెండింటి మధ్యలో ఆగితే ఆవిడ లెక్కకీ సంఘం లెక్కకీ పొత్తు కుదరదు. సిగ్నల్ ఎప్పుడైనా రావచ్చు, సరిగ్గా ఆ రెండింటి మధ్యలోనూ రావచ్చు. అందుకని ఆ కాసేపూ సిగ్నల్ వస్తే చేయాల్సిన పని ఒక్కటే పెట్టాడు: గుర్తు వేసుకోవడం. "ఆగమన్నారు" అని ఓ జెండా ఎత్తి, వచ్చిన దారినే వెళ్లిపోతుంది. రెండు లెక్కలూ పూర్తయ్యాక ప్రోగ్రాం ఆ జెండా వంక చూస్తుంది. ఎత్తి వుంటే ఆగుతుంది. సిగ్నల్ రాగానే నడిచే ఆ చిన్న భాగాన్ని 'హ్యాండ్లర్' అంటారు. దాని చేత ఎంత తక్కువ పని చేయిస్తే అంత మంచిదట. మనం నోట్లు లెక్కపెడుతుంటే ఎవరో పిలిచారనుకోండి, "ఊఁ" అని కట్ట పూర్తి చేసి లేస్తాం. ఆ మధ్యలో ఇంకో కట్ట విప్పి లెక్కపెట్టడం మొదలెడితే రెండూ కలగాపులగమవుతాయి.

"అయితే అన్ని చోట్లా ఈ జెండా పద్ధతే పెట్టకపోయావా?" అని అడిగాను. కుదరదన్నాడు. ప్రోగ్రాం నా జవాబు కోసం ఎదురుచూసే చోట జెండా ఎత్తి వూరుకుంటే, అది మళ్లీ ఎదురుచూస్తూనే కూర్చుంటుంది. నేను ఎంటర్ కొట్టేదాకా జెండా వంక చూడనే చూడదు. పైథాన్‌లో 2015లో వచ్చిన 3.5 రకం నుంచి ఇదే పద్ధతి. కాబట్టి ఎదురుచూసే చోట వెంటనే లేవాలి, లెక్క రాసే చోట కట్ట పూర్తి చేసి లేవాలి. ఏ చోటు ఏదో తెలుసుకుని రాయడమే ప్రోగ్రాం రాసేవాళ్ల నేర్పు.

చివరికి ఇంకొకటి కూడా పెట్టించాను. ఒకసారి నొక్కితే సర్దుకుని ఆగుతుంది సరే. ఆ సర్దుకోవడంలోనే ఏదైనా చిక్కుకుని కూర్చుంటే? అందుకని మొదటిసారి నొక్కగానే "సర్దుతున్నాను, వెంటనే ఆగాలంటే మళ్లీ నొక్కండి" అని తెర మీద పడుతుంది. రెండోసారి నొక్కితే మారు మాట లేకుండా ఆగిపోతుంది. ఇలా మనం ఆపితే ఆగిన ప్రోగ్రాం పోతూ పోతూ 130 అనే అంకె చెప్పి పోవడం ఆనవాయితీ. 128కి సిగ్నల్ నంబరు 2 కలిపితే 130. తన పని తాను పూర్తిచేసుకున్న ప్రోగ్రాం 0 చెప్తుంది. ఆ అంకె చూసి, పని పూర్తయి ఆగిందో, ఎవరైనా ఆపితే ఆగిందో తెలుసుకోవచ్చు.

జూన్ పదో తారీకున అందరి ఎదుటా పరీక్ష పెట్టాను. 13 మంది కాగానే కావాలనే కంట్రోల్ సీ నొక్కాను. వసారాలో ఒక్కరూ కదల్లేదు. "ఆపమంటారా?" అని అడిగింది. అవునన్నాను. ఆగింది. మళ్లీ తెరిచి చూస్తే 22 పేర్లూ వున్నాయి. అంట్లు తోమే ఆవిడ పేరు పక్కన మొత్తం ఎంతుందో పైకి చదివాను. "అంతేనమ్మగారూ" అని తలూపింది.

మీ ఇళ్లలోనూ పిల్లలు ఇలాంటివి రాస్తూనే వుంటారు. కిరాణా పద్దనో, పెళ్లి ఖర్చనో, అద్దెల లెక్కనో మీకు రాసిస్తారు. తీసుకోండి, కాదనకండి. కాని ఇచ్చిన రోజునే అసలు లెక్క పెట్టకుండా ఓ దొంగ లెక్క పెట్టి, సగంలో వుండగా కంట్రోల్ సీ నొక్కి చూడండి. పాత లెక్క నిలిచిందా? ఏం చేసి ఆగిందో చెప్పిందా? అసలు ఆగిందా? ఈ మూడూ చూసుకోండి. నిజంగా ఆపవలసి వచ్చినప్పుడు ఒక్కసారే నొక్కి కాసేపు వుండండి. గాభరాపడి పదే పదే నొక్కితే అది సర్దుకునే వీలు మీరే పోగొట్టినవారవుతారు. ప్లగ్గు పీకడం అంతకన్నా కాని పని. అసలు లెక్కకి వారానికో నకలు వేరే చోట వుంచుకోండి.

ఇక మా సంఘంలో నేను మళ్లీ చీటీలు రాసివ్వడం మొదలుపెట్టాను. తారీకూ, అంకే వేసి, కింద నా సంతకం. చదువు రాకపోయినా ఆవిడ ఆ చీటీలన్నీ పసుపు డబ్బాలో దాచుకుంటోందట. ప్రోగ్రాం ఇప్పుడు బాగానే పనిచేస్తోంది కదా, ఇంకా ఈ చీటీలెందుకమ్మా అంటాడు మావాడు. ఆవిడ దగ్గర కూడా ఓ రాత వుండాలి నాయనా అంటాను నేను.